ఒరిజినల్ నాగులు మేస్త్రి

మా నాగులు మేస్త్రికి ఉన్నది ఒకే ఒక్క పట్టింపు. పాత ట్రాక్టర్ ఏదైనా బాగుచేయమని ఆయన షెడ్డుకి తెస్తే, అది మొట్టమొదట కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చంగా అలాగే తిరిగి వెళ్ళాలి. రంగు అదే, బోల్టు అదే, బోల్టు తల మీద అక్షరం అదే. కొత్తది బాగుంటుందనో, ఇంకో రకం గట్టిగా ఉంటుందనో ఎవరైనా అంటే, శవం పక్కన నిలబడి పెళ్ళి మాట ఎత్తినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. అందుకే నరసరావుపేటలో ఆయన్ని ఒరిజినల్ నాగులు అంటారు. టీకొట్టుకి వెళితే, "మేస్త్రీ, పాలు ఒరిజినలే" అని ముందే చెప్పి గ్లాసు చేతికిస్తారు.

నా పేరు సాదిక్. వినుకొండ రోడ్డులో ఆయన షెడ్డుని ఆనుకునే నా స్ప్రే పెయింటింగ్ షెడ్డు. పన్నెండేళ్ళుగా ఆయన బాగుచేసిన ప్రతి బండికీ రంగు వేసింది నేనే. కాబట్టి ఆయన పట్టింపుకి నేను కార్చినంత చెమట ఇంకెవరూ కార్చలేదు.

ఒకసారి ఎడ్లపాడు రైతు ఒకాయన తన తండ్రి నాటి ట్రాక్టర్ తెచ్చాడు. నెల రోజుల్లో పని అయిపోయింది, ఒక్క బోల్టు తప్ప. రేడియేటర్ లోపలి పక్కన ఉండే బోల్టు అది. బజార్లో దొరికేవాటి తల మీద అక్షరం వేరు. మేస్త్రి మూడు నెలలు ఆ అక్షరం కోసం తిరిగాడు. చివరికి విజయపురి సౌత్‌లో, ఇరిగేషన్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన ఒకాయన పెరట్లో ఆ మోడల్ తుక్కు ఉందని తెలిసి బస్సెక్కాడు. తీరా చూస్తే ఆ బోల్టు కోళ్ళగూటి తలుపుకి గడియగా ఉంది. దాన్ని ఊడదీసుకుని, బదులుగా కొత్త గడియ తయారుచేసి బిగించి, సాయంత్రం కోళ్ళన్నీ లోపలికెళ్ళి తలుపు సరిగా పడేదాకా అక్కడే కూర్చుని వచ్చాడు. రైతు ఆ బోల్టు ఎక్కడ బిగించారో చూపించమన్నాడు. కనపడదన్నాడు మేస్త్రి.

"కనపడని దానికా మూడు నెలలు తిరిగావు?"

"నీకు కనపడదు. దానికి తెలుసుద్ది."

ఆ మాట ఆయన సరదాకి అనలేదు. ఆ రైతు తన బండి వైపు ఒకసారి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

రంగు సంగతి మరీ ఘోరం. డీజిల్ ట్యాంకు అడుగున ఎండ తగలని చోట అరచేయంత పాత రంగు మిగిలి ఉంటుంది. దాన్ని భూతద్దం పెట్టి చూసి, అదే రంగు కలపమంటాడు. ఎరుపైతే నాకు కొంచెం నిగనిగలాడే ఎరుపు ఇష్టం. ఒకసారి తొమ్మిది సార్లు కలిపించాడు. పదోసారి విసుగొచ్చి, తెలియదులే అని మెరుపు కోసం నా ఇష్టంకొద్దీ కాస్త వార్నిష్ కలిపి కొట్టాను. మేస్త్రి వచ్చి కళ్ళు మూసుకుని బానెట్ మీద చెయ్యి రాశాడు. "ఇందులో నువ్వున్నావు సాదికూ. తీసెయ్" అన్నాడు. రెండు రోజులు ఉప్పుకాగితం పెట్టి నన్ను నేనే గీక్కున్నాను.

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య రాజమ్మక్కకి ముందు పళ్ళు ఊడిపోతే గుంటూరులో కట్టించారు. అద్దంలో చూసుకుని ఆవిడ తెగ మురిసిపోయింది. మేస్త్రి మాత్రం డాక్టరుతో గొడవ పెట్టుకున్నాడు. ఆవిడ ముందు పళ్ళ మధ్య జొన్నగింజ పట్టేంత సందు ఉండేదట, అది ఎక్కడికి పోయిందట. సందు లేకపోతేనే అందమని డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ డాక్టరు జీవితంలో మొదటిసారి సందున్న పళ్ళు కట్టి పంపాడు. ఇప్పటికీ రాజమ్మక్క నవ్వితే ఆ సందు కనపడుతుంది. తిట్టుకుంటూనే నవ్వుతుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే, అందరూ నవ్వుకునేదే. నవ్వు రాని సంగతి ఒకటుంది.

మేస్త్రి షెడ్డు వెనక రేకుల గది ఒకటి ఉంది. రోజూ పన్నెండున్నర కాగానే అందర్నీ బయటికి పంపి షెడ్డు తలుపులు వేసేవాడు. ఇంజన్లకి ఎండపూట విశ్రాంతి కావాలనేవాడు. మూడింటికి గానీ తీసేవాడు కాదు. పల్నాడు ఎండలో ఆ వేళకి రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. తారు మెత్తబడి ఉంటుంది. ఎక్కడా ఏ చప్పుడూ ఉండదు. అలాంటి నిశ్శబ్దంలో, ఎవరూ లేని ఆ గదిలోంచి ఒక్కసారి "పోం" అని రబ్బరు హారన్ మోగేది. ఒక్కసారే. తర్వాత మళ్ళీ ఏమీ ఉండదు. కొన్ని రోజులు చుట్ట పొగ వాసన వచ్చేది. మేస్త్రి చుట్ట తాగడు. ఒకసారి ఎవరో చాలా నెమ్మదిగా దగ్గారు. ఆ దగ్గు మేస్త్రిది కాదు, ఆయన దగ్గు పన్నెండేళ్ళుగా నాకు తెలుసు.

అడిగితే అన్నిటికీ ఆయన దగ్గర జవాబు ఉండేది. రబ్బరు బల్బులో గాలి వేడెక్కితే హారన్ దానంతట అదే కూస్తుందనేవాడు. పొగ అంటే పాత సైలెన్సర్ మసి అనేవాడు. దగ్గు అంటే రేకులు వ్యాకోచించడమనేవాడు. ఆయన అంత నిదానంగా చెప్తుంటే నాకు ఇంకా భయం వేసేది.

ఒక ఏడాది మే నెలలో చెన్నకేశవులు ట్రాక్టర్ వచ్చింది.

రెంటచింతల దగ్గర పల్లెటూరి రైతు చెన్నకేశవులు. డెబ్బై మోడల్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని నలభై ఏళ్ళకు పైగా దున్నాడు. అంతకు ముందు ఏడాది వేసవిలో ఒక రోజు గొర్రు తోలుతూ తోలుతూ సీట్లోనే ప్రాణం వదిలాడు. గుండె ఆగింది. బండి ఆగలేదు. ఆయన ఒళ్ళు స్టీరింగ్ మీదికి వాలి, బండి ఎడమకి తిరిగి, చేలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పక్క చేలవాళ్ళు ఆయన సీట్లో ఉండడం చూశారు. ఒకరిద్దరు చెయ్యి కూడా ఊపారట. దున్నిన చోటే దున్నుతున్నాడేమిటా అనుకున్నారు గానీ ఆ ఎండలో చెట్టు నీడ వదిలి ఎవరూ వెళ్ళలేదు. డీజిల్ అయిపోయేదాకా, మూడు గంటలు, చనిపోయిన మనిషి చేను దున్నాడు.

ఆ తర్వాత ఆ బండి ఎక్కడానికి ఆ ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలలేదు. గురజాలలో ఎరువుల షాపు నడిపే అరుణ్ కుమార్ అనే కుర్రాడు దాన్ని దళారీ ద్వారా కొన్నాడు. శివరాత్రి తిరణాలకి రంగు లైట్లతో ఎత్తుగా కట్టే కోటప్పకొండ ప్రభని పాత ట్రాక్టర్‌తో లాగించాలని ఆయనకి కోరిక. స్టార్ట్ చేయడానికి మనిషి దొరక్క లారీ మీదికి ఎత్తించి తెచ్చాడు.

బండి చిలకాకుపచ్చగా ఉంది. సీటు మీద గోనెసంచిలో పత్తి కూరి కుట్టిన దిండు, స్టీరింగ్ పక్కన రబ్బరు హారన్, ఎడమ మడ్‌గార్డు మీద ఇనప కమ్మీలతో వెల్డింగ్ చేసిన చిన్న సీటు, దానికి చేతులు పట్టుకునే కడ్డీ. చెన్నకేశవులు తన ఇష్టానికి ఎన్ని మార్చుకున్నాడో అన్నీ ఉన్నాయి. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "దీంట్లో కంపెనీది ఇంజను, మిగతాదంతా ఇల్లు" అన్నాడు.

అరుణ్ కుమార్ ఫోన్లో ఫొటో చూపించాడు. నల్లటి మెరిసే ట్రాక్టర్, చక్రాల చుట్టూ నీలం లైట్లు, వెనక పాటల డబ్బాలు. అలా చేయమన్నాడు. మేస్త్రి అది ట్రాక్టరా లేక పెళ్ళిమండపమా అని చాలా మర్యాదగా అడిగాడు.

"నా బండి, నా ఇష్టం కదండీ మేస్త్రిగారూ."

"బండి నీదే బాబూ. రంగు దానిది."

ఆ రోజుకి ఏదీ తేలలేదు. ముందు ఇంజను విప్పుదామనుకున్నారు.

ఆ బండి వచ్చినప్పటినుంచి నాకు షెడ్డులోకి వెళ్ళాలంటే భయం పట్టుకుంది. పొద్దున ముందు చక్రాలు తిన్నగా పెట్టి వెళితే మధ్యాహ్నం తలుపులు తీసేసరికి ఎడమకి తిరిగి ఉండేవి. మేస్త్రి నేల వాలు అన్నాడు. నేను నేల మీద గోళీ వేసి చూశాను. అది కదలకుండా అక్కడే కూర్చుంది. "గోళీకి వాలు తెలవదు, బండికి తెలుసుద్ది" అన్నాడాయన.

నా పని ముందుగా ఆకుపచ్చ గీకడం. గీకుతుంటే ఒక మధ్యాహ్నం వీపు మీద ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. సీటు మాత్రం, కింద స్ప్రింగు ఉంటుంది కదా, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు సన్నగా ఊగుతోంది. నేను ఉప్పుకాగితం అక్కడే పడేసి మా ఇంటికి వెళ్ళి పడుకున్నాను. మా ఆవిడ ఖైరున్నీసా వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించింది. నేను కాదనలేదు.

మర్నాడు మేస్త్రి ఆ సీటూ, మడ్‌గార్డు మీద చిన్న సీటూ, హారనూ అన్నీ విప్పేశాడు. విప్పేముందు టేపు పెట్టి ప్రతిదీ కొలిచాడు. నేల నుంచి సీటు ఎత్తెంత, సీటుకీ సీటుకీ దూరమెంత, వాలు ఎంత, అన్నీ సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు. పారేసే సామానుకి కొలతలెందుకో నాకు అర్థం కాలేదు. వాటిని వెనక రేకుల గదిలోకి మోసుకెళ్ళి తాళం వేశాడు.

దసరా వెళ్ళాక ఒక రోజు రాజమ్మక్క నా షెడ్డుకి వచ్చింది. పక్కన ఎవరూ లేకుండా చూసి గొంతు తగ్గించింది.

"మీ మేస్త్రి గురువారం గురువారం అన్నం డబ్బా నిండుగా తిరిగి తెస్తన్నాడు. ఆకలి లేదంటాడు. ఎవత్తె పెడతందో కనుక్కో సాదికూ."

మేస్త్రికి అరవై దాటాయి. ఆయన్ని చూసి వన్నె చీర కట్టుకుని అన్నం వడ్డించే మనిషి లోకంలో ఉంటుందని నేను అనుకోను. అయినా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి, కనుక్కుంటానని మాట ఇచ్చాను. ఆ మాట ఇచ్చాక గానీ గుర్తు రాలేదు, కనుక్కోవాలంటే మిట్టమధ్యాహ్నం ఆ గది దగ్గరికి వెళ్ళాలని.

ఆ గురువారం తలుపులు వేశాక, నా షెడ్డుకీ ఆయన షెడ్డుకీ మధ్య ఊడిన రేకు పక్కకి జరిపి లోపలికి దూరాను. దెయ్యాలు దగ్గరికి రాకుండా ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ నడిచాను. అక్కడ చీకటిగా, వేడిగా ఉంది. ఇంజన్లన్నీ గుడ్డలు కప్పుకుని నిలబడి ఉన్నాయి. వెనక గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి ఆడమనిషి గొంతు వినపడుతోంది. ఎవరినో కోప్పడుతోంది.

"నేను వచ్చిందాకా ఆగమన్నానా లేదా. ఒక్క పూట. ఒక్క పూట ఆగితే చేను ఎక్కడికి పోయిద్ది?"

జవాబు లేదు. ఆవిడ జవాబు విన్నట్టే కాసేపు ఆగి, "ఆ, నీకన్నీ తెలుసు" అంది.

తలుపు సందులోంచి చూశాను. గది నిండా ట్రాక్టర్ సీట్లు. ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇటుకల మీద, దిమ్మల మీద, వేరువేరు ఎత్తుల్లో నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు ఒక స్టీరింగో, ఒక అద్దమో, ఒక హారనో ఉంది. బళ్ళు లేవు. బళ్ళు తోలినవాళ్ళు లేరు. సీట్లన్నీ ఒకే వైపుకి, పెద్ద కిటికీ వైపుకి తిరిగి ఉన్నాయి. ఎవరో వచ్చి కూర్చుంటారని ఎదురు చూస్తున్నట్టున్నాయి.

చెన్నకేశవులు గోనెసంచి దిండు సీటు మధ్యలో ఖాళీగా ఉంది. దాని ఎడమ పక్కన చిన్న ఇనప సీటులో, నేలకి కాళ్ళు అందకుండా, పొట్టిగా సన్నగా ఉన్న ముసలమ్మ కూర్చుంది. ఒళ్ళో అన్నం టిఫిను ఉంది. ఖాళీ సీటుతో మాట్లాడుతోంది. సీటు స్ప్రింగు సన్నగా ఊగుతోంది.

వెనక్కి అడుగు వేయబోయి స్పానరు తన్నాను. అది నేల మీద పడి గంటలా మోగింది. ముసలమ్మ తల తిప్పి నేరుగా నా వైపు చూసింది.

"ఎవరయ్యా అది. అన్నం తిన్నావా?" అంది.

దెయ్యాలు అన్నం తిన్నావా అని అడగవు. ఆ ధైర్యంతో నిలబడ్డాను. అప్పుడు చూశాను, గది మూల గోడవైపు తిరిగి, వినకూడదన్నట్టు తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ మేస్త్రిని. నన్ను చూసి ఆయన సిగ్గుపడ్డాడు. దొంగతనం దొరికిపోయినవాడిలా సిగ్గుపడ్డాడు.

ఆవిడ చెన్నకేశవులు భార్య నాంచారమ్మ. ప్రతి గురువారం రెంటచింతల నుంచి బస్సెక్కి, పిడుగురాళ్ళలో మారి వస్తుంది. భర్తకి ఇష్టమైనవి వండుకొచ్చి, సీటు ముందు పెట్టి, కాసేపు మాట్లాడి వెళుతుంది. తర్వాత ఆ అన్నం మేస్త్రి తినాలి. మిగిల్చితే ఆవిడ ఊరుకోదు.

బయటికి వచ్చాక మేస్త్రి నాకు చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒక బండిని ఒరిజినల్‌గా మార్చి, దాని పాత సామానంతా తుక్కువాడికి వేశాడట. పది రోజుల తర్వాత గురజాల నుంచి తస్లీమ్ అనే అమ్మాయి వచ్చి, స్టీరింగ్‌కి తన తండ్రి బిగించిన చెక్క గుండీ ఉండాలి, ఒకసారి పట్టుకుని చూస్తానని అడిగిందట. లేదని చెప్తే షెడ్డంతా ఒకసారి చూసి వెళ్ళిపోయిందట.

"నేను బండిని బాగుచేశా గానీ మడిసిని తుడిచేశా సాదికూ. కంపెనీది కంపెనీకి ఇయ్యాలి, నిజమే. వాళ్ళది మాత్రం వాళ్ళకి ఇయ్యొద్దా?"

అప్పట్నుంచి ఊడదీసినవి ఏవీ పారేయలేదు. బండి మీద ఎలా ఉండేవో అదే ఎత్తులో, అదే దూరంలో, అదే వాలులో పేర్చి, ఆ ఇళ్ళవాళ్ళకి కబురు పెట్టేవాడు. ఒక రోజు ఒకరు వెనక సందు తలుపులోంచి వచ్చేవారు. ఒకాయన అన్న సీటు పక్కన కూర్చుని చుట్ట కాల్చి వెళ్ళేవాడు. ఒకామె హారన్ ఒక్కసారి నొక్కి వెళ్ళేది. నలుగురూ చూస్తే వాళ్ళు నామోషీ పడతారని ఎండ వేళ పెట్టాడు. ఒక్క అంగుళం తేడా రాకూడదని ఆయన పట్టుదల. అంగుళం తేడా వస్తే కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుందట.

మరి సీటు ఎందుకు ఊగుతోందని అడిగాను. దానికి మాత్రం తనకీ తెలియదన్నాడు మేస్త్రి.

సంగతంతా రాజమ్మక్కకి చెప్పాను. వచ్చే గురువారం నాంచారమ్మకి ఇవ్వమని గోంగూర పచ్చడి సీసా పంపింది. తన భర్త చేత ఆకలి లేదని అబద్ధం ఆడించినందుకు కోపం మాత్రం ఉంచుకుంది.

శివరాత్రికి మూడు వారాలుండగా అరుణ్ కుమార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తెలివిగా వచ్చాడు. నల్ల రంగు వదిలేస్తానన్నాడు గానీ ఒక లెక్క చెప్పాడు. ఈ బండి పదేళ్ళు ఎర్రగా ఉంది, నలభై ఏళ్ళకు పైగా ఆకుపచ్చగా ఉంది. ఎక్కువ బతికిన రంగు ఏదైతే అదే ఒరిజినల్ కావాలి గదా అన్నాడు. పైగా ఆకుపచ్చ మీద నీలం లైట్లు బాగుంటాయన్నాడు.

మేస్త్రి మూడు రోజులు స్పానరు పట్టలేదు. ట్యాంకు అడుగున ఎరుపు ముక్కని భూతద్దంతో చూస్తాడు, నేను గీకిన ఆకుపచ్చ పొడి డబ్బాలోకి చూస్తాడు, నిట్టూరుస్తాడు. చివరికి గురువారం అరుణ్ కుమార్‌ని పిలిపించి, ఈ సంగతి తేల్చాల్సింది మనం కాదన్నాడు. నాంచారమ్మని ముందు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆవిడ ఎవరో చెప్పి, అన్నీ విడమరచి అడిగాడు. అరుణ్ కుమార్ ఆవిడ పేరు వినగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాంచారమ్మ అందరినీ వింతగా చూసింది.

"ఆ ఆకుపచ్చా? అది పంచాయతీ ఆఫీసు తలుపులకి వేయగా మిగిలిన రంగయ్యా. ఊరికే వచ్చిందని పూశాడు. నలభై ఏళ్ళు నా కళ్ళు మండిపోయినయి. ఎర్రది చానా బాగుండేది. కొంచెం నిగనిగలాడేట్టు వేయండి."

మేస్త్రి నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. నిగనిగలాడే ఎరుపు ఒరిజినల్ కాదని ఆయన గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. "అక్క చెప్పినట్టే కలుపు" అన్నాడు. ఆ మాట అన్నాక, బయటికి వెళ్ళి పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. అరుణ్ కుమార్ లైట్లు ప్రభకే పెట్టుకుంటానని తనంతట తనే అన్నాడు.

శివరాత్రికి రెండు రోజుల ముందు బండి బయటికి తీసే ముహూర్తం పెట్టారు. ముహూర్తం పన్నెండూ నలభైకి కుదిరింది. ఎర్రగా, అద్దంలా ఉంది బండి. కంపెనీ సీటు, కంపెనీ స్టీరింగ్. చూడ్డానికి నాంచారమ్మ కూడా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. తీరా ఎక్కమంటే అరుణ్ కుమార్ ముందుకు రాలేదు. లారీ డ్రైవరుని ఒకతన్ని పిలుచుకొచ్చాడు గానీ, అతను సీటు దాకా వెళ్ళి, ఇది ఫలానా బండే గదా అని అడిగి, టీ తాగి వస్తానని వెళ్ళి రాలేదు. మేస్త్రికి ఇంజన్లు విప్పడమే గానీ రోడ్డు మీద తోలడం రాదు. నా సంగతి మీకు తెలిసిందే. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎండ తెల్లగా కాస్తోంది. ఆ బండి ముందు అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ముహూర్తం దాటిపోతోంది.

నాంచారమ్మ కొంగు నడుముకి దోపింది.

"క్లచ్ పెడలుకి కట్టే చెక్కముక్క ఒకటుండాలి. అదేదీ? అది లేకపోతే నాకు కాలు అందదు" అంది.

చెక్కముక్క ఉంది. గదిలో అటక మీద, చీటీ కట్టి ఉంది. దేనికోసమో తెలియకుండానే మేస్త్రి భద్రపరిచాడు. తెచ్చి చేతిలో పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"బండి తోలింది బావ కాదా అక్కా?"

ఆయనకి మోకాళ్ళు పట్టేశాక పన్నెండేళ్ళు తనే తోలిందని ఆవిడ చెప్పింది. మడ్‌గార్డు మీద చిన్న సీటు ఆయన కోసం వెల్డింగ్ చేయించింది. ఆయన దాంట్లో కూర్చుని అటు తిప్పు, ఇటు తిప్పు అని చెప్పేవాడు. ఆ రోజు ఆవిడ మాచర్లలో చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళింది. వచ్చేదాకా బండి ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళింది. ఆయన ఆగలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఒక్క పూటా తనే ఎక్కి తోలాడు.

మేస్త్రి వెనక రేకుల గది వైపు తిరిగి చూశాడు. అంటే ఇన్నాళ్ళూ ఆవిణ్ణి తప్పు సీట్లో కూర్చోబెట్టాడు. అంగుళం తేడా రాకుండా కొలిచి మరీ కూర్చోబెట్టాడు.

"మొదటి రోజే చెప్పొచ్చు గదా అక్కా."

"మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు. నువ్వు టేపు పెట్టి కొలిచావు గానీ నోరు తెరిచి అడగలా. ఇంత కష్టపడి పెట్టావు, పోనీలే అనుకున్నా. అయినా నా సీటు మీద ఆయనకి ఎప్పుడూ కన్నే తమ్ముడా. ఎక్కి కూర్చున్నాడు గదా, కూర్చోనీ అని ఊరుకున్నా."

అరుణ్ కుమార్ కొబ్బరిచిప్ప కింద పడేశాడు. మేస్త్రి మాత్రం నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అలా నవ్వుతూనే బండి కింద మోకాళ్ళ మీద కూర్చుని, తొమ్మిది నెలలు కష్టపడి కంపెనీలో ఉన్నట్టు మార్చిన కొత్త పెడలుకి, తన చేత్తోనే ఆ పాత చెక్కముక్కని తీగతో బిగించి కట్టాడు. వదులుగా ఉందేమోనని రెండుసార్లు లాగి చూశాడు.

నాంచారమ్మ ఎక్కి కూర్చుంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. బండి తిన్నగా, ఎటూ లాగకుండా, షెడ్డు గడప దాటి వినుకొండ రోడ్డెక్కింది. అరుణ్ కుమార్ మోటార్ సైకిల్ మీద వెనకే బయల్దేరాడు. మేస్త్రి ఎక్కడ కూర్చోవాలో తెలియక పక్కనే పరిగెత్తుతుంటే ఆవిడ గేరు తగ్గించింది.

"మడ్‌గార్డు మీద కూర్చో తమ్ముడా" అంది. "కాకపోతే అటు తిప్పు, ఇటు తిప్పు అని మాత్రం చెప్పమాక."